జుట్టు తడవని ఈత మాస్టారు

మార్చి 2, ఆదివారం

ఈ రోజు నన్ను కుర్చీకి కట్టేశారు.

కట్టింది పార్సిల్ ఆఫీసు గుమాస్తా. స్కౌట్ పిల్లలకు తాళ్ళతో ముళ్ళు వేయడం నేర్పుతానని ఉత్సాహంగా వచ్చాడు. "ఇది లాగేకొద్దీ బిగుస్తుంది మేడమ్, చూడండి" అని నా రెండు చేతులూ కుర్చీ వెనక్కి కట్టాడు. సరిగ్గా అప్పుడే ఫోనొచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. హాల్లో నేను, కుర్చీ, పైన తిరిగే ఫ్యాను మిగిలాం. ముక్కు మీద దురద పుట్టడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు కాబట్టి అప్పుడే పుట్టింది. తిరిగొచ్చి విప్పబోతే ముడి రాలేదు. అతనికి చెమటలు పట్టాయి. చివరికి స్కౌట్ దళాన్ని నడిపే విజిల్ మాస్టారు కత్తెర తెచ్చి నన్ను విడిపించారు.

కట్టడం వచ్చు, విప్పడం రాదు. ఫెయిల్ అని చెప్పేశాను. మొహం మాడ్చుకుని వెళ్ళాడు పాపం. కానీ మొహమాటానికి పోతే రేపు చెట్లకు కట్టేసిన పిల్లల్ని కొమ్మలతో సహా ఇళ్ళకు పంపాల్సి వస్తుంది.

ఇదంతా మాస్టారు పెట్టిన పద్ధతి మహిమ. అప్పుడెప్పుడో ఒకాయన బంగారు అంచున్న సర్టిఫికెట్ చూపించి గుడారాలు వేయడం నేర్పితే, ఆ గుడారం గాలికి లేచి పక్క తోటలో దిగిందట. అప్పటినుంచి మా దళంలో కాగితాలు చూసి ఊరుకోవడం లేదు. పిల్లలకు ఏదైనా నేర్పుతానని వచ్చినవాళ్ళు ముందు ఆ విద్య బొత్తిగా రాని ఒక పెద్ద మనిషికి నేర్పి చూపించాలి. ఆ మనిషికి వస్తే పాస్. ఆ రాని మనిషిని నేను.

"బస్ పాసుల కౌంటర్లో ఇన్నేళ్ళుగా దొంగ కాగితాలు పట్టుకుంటున్నారు. పైగా మీకు ఏ విద్యా రాదు. ఇలాంటి మనిషి దొరకడం మా అదృష్టం మేడమ్" అన్నారు మాస్టారు, నన్ను అడగడానికి వచ్చినరోజు. పొగిడారో తిట్టారో తేల్చుకునేలోపు ఒప్పేసుకున్నాను.

మార్చి 5, బుధవారం

సాయంత్రం మాస్టారు ఇంటికొచ్చారు. విజిల్ మాస్టారని ఊరికే అనరు. మెడలో విజిల్ లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. పెళ్ళి ఫొటోల్లో కూడా ఉందని మా ఆయన ప్రమాణం చేసి చెబుతారు. ఆ ఫొటోలు తీసింది ఈయనే మరి.

"క్యాంపు ఈసారి చెరువు దగ్గర మేడమ్. అన్నీ కుదిరాయి, ఈత నేర్పే మనిషే దొరకలేదు. దొరక్కపోతే నీళ్ళ రోజు ఎత్తేయాలి. పిల్లలు నన్ను బతకనివ్వరు" అన్నారు మాస్టారు.

"ఈతా?" అని సోఫాలోంచి గొంతు వినిపించింది.

ఈయన ఫొటో స్టూడియో మూతపడినప్పటినుంచి ఆ సోఫాలోంచి ప్రశ్న అనేది రావడం ఇదే మొదలు. అన్నం పెట్టనా అంటే "ఊఁ". కరెంటు పోయిందా అంటే "ఊఁ". అందరి చేతుల్లోకీ కెమెరా ఫోన్లు వచ్చేశాక ఫొటోలు తీయించుకునేవాళ్ళు తగ్గి తగ్గి, ఒకరోజు ఈయన షట్టరు దించి ఇంటికొచ్చి పడుకున్నారు. నెలలు గడిచిపోయాయి, ఇంకా పూర్తిగా లేవలేదు.

అలాంటి మనిషి లేచి కూర్చుని, లుంగీ సర్దుకుని, మాస్టారికి ఏరు కథ చెప్పారు. చిన్నప్పుడు ఈయనా, మా బావగారూ పోటీపడి ఏరు ఈదేవాళ్ళట. ఇరవయ్యారేళ్ళ కిందట పెళ్ళిచూపుల్లో నాకు చెప్పిన కథే. నేను ఈయన్ని ఒప్పుకోవడానికి సగం కారణం ఆ ఏరే. మాస్టారు నోరు వెళ్ళబెట్టి విన్నారు. వెళ్తూ వెళ్తూ, "ఇంట్లో ఇంత నిధి పెట్టుకుని చెప్పలేదేం మేడమ్?" అని నన్నే దెప్పారు.

"నాన్న కథలో ఆ ఏరు ఏటేటా వెడల్పవుతోందమ్మా" అంది అమ్మాయి, పుస్తకంలోంచి తలెత్తకుండా. నాన్న గురించి అలా మాట్లాడకూడదని మందలించాను.

మార్చి 6, గురువారం

ఈయన గడ్డం గీసుకున్నారు.

మార్చి 9, ఆదివారం

ప్రథమ చికిత్స పరీక్ష. నేర్పడానికి వచ్చినాయన పశువుల డాక్టరు. మనిషి బంగారం, కానీ అలవాటు అలవాటే. నా దవడ పట్టుకుని పళ్ళు చూశాడు. వీపు మీద రెండు చరుపులు చరిచి, "భయపడకు, భయపడకు" అన్నాడు. చేయి విరిగినట్టు నటిస్తున్న నా చుట్టూ ఒకసారి తిరిగి, నడిపించి చూపించమన్నాడు. చేతికి కట్టు కట్టడానికి నడకెందుకో నాకర్థం కాలేదు.

కానీ నేర్పడం బాగా నేర్పాడు. ఇంటికొచ్చి అమ్మాయి చేతికి కట్టు కట్టాను, ఊడలేదు. పాస్. పిల్లల్ని పేర్లతో పిలవాలన్న షరతు మీద.

మాస్టారు అడిగారు, "మరి మీ వారి పరీక్ష ఎప్పుడు పెడదాం మేడమ్?"

"వరస ప్రకారం వస్తుంది. మా ఆయనని ముందుకు తోయను, వెనక్కి నెట్టను" అన్నాను. మాస్టారు మెచ్చుకోలుగా తలూపారు.

వరసలో ఇంక ఎవరూ లేరు నిజానికి.

మార్చి 12, బుధవారం

ఈయన పొద్దున్నే సోఫా మీద బోర్లా పడుకుని చేతులు బారలు చాపుతున్నారు. ఒక్కో బారకీ తల పక్కకు తిప్పి గాలి పీలుస్తున్నారు. చూడటానికి ముచ్చటగా ఉంది. మార్కెట్‌కు వెళ్ళి రెండు జతల ఈత కళ్ళజోళ్ళు కొనుక్కొచ్చారు, నాకొకటి, ఆయనకొకటి. వచ్చేటప్పుడు పాత కస్టమర్ ఎవరో కలిస్తే నిలబడి మాట్లాడారట కూడా. నెలల తరబడి తెలిసినవాళ్ళు ఎదురైతే సందులోకి తప్పుకున్న మనిషి.

ఇన్నేళ్ళలో సముద్రానికి మూడు నాలుగు సార్లు వెళ్ళాం. ఒక్కసారి కూడా ఈయన దిగలేదు. చెవి నొప్పి. సముద్రం గాలికి కొందరికి అలాగే వస్తుంది.

మార్చి 16, ఆదివారం

మున్సిపాలిటీ స్విమ్మింగ్ పూల్లో మొదటి పాఠం. నాకు నీళ్ళంటే భయం, బకెట్లో ఉంటే తప్ప. అమ్మాయి డ్రస్సు వేసుకుని, పైన టవల్ చుట్టుకుని, టవల్ పైన ఇంకో టవల్ చుట్టుకుని వెళ్ళాను.

ఈయన దూకుతారనుకున్నాను. నిచ్చెన పట్టుకుని ఒక్కో మెట్టూ దిగారు. దిగి, లోతు తక్కువున్న వైపు గుండెల దాకా నీళ్ళలో నిలబడి నన్ను రమ్మన్నారు.

"నావల్ల కాదండీ."

"నిన్ను ఈదమన్నానా? ఊరికే నిలబడు. ఆఁ. భుజాలెందుకలా చెవుల దాకా ఎత్తావ్? దించు. ఇంకొంచెం. గడ్డం కొద్దిగా పైకి. అంతే. నా చెయ్యి నీ వీపు కిందే ఉంటుంది. ఎటూ చూడకు, అదిగో ఆ దీపం వైపు చూడు. ఊపిరి పట్టకు, మామూలుగా తీసుకో."

ఇది స్టూడియో గొంతు. ఏడ్చే పిల్లల్నీ, బిగుసుకుపోయే పెళ్ళికూతుళ్ళనీ, ఫొటో అంటే ఆయుష్షు తగ్గుతుందనుకునే ముసలమ్మల్నీ మెత్తబరిచిన గొంతు. ఎన్నాళ్ళయింది విని! వింటూ వింటూ ఉండగానే నా కాళ్ళు నేలను వదిలేశాయి. నేను తేలాను. నేను! ఈయన చెయ్యి తీసేసి చాలాసేపయిందని తర్వాత చెప్పారు.

పైకి వచ్చాక చూస్తే ఈయన పాపిడి దువ్విన దువ్వినట్టే ఉంది. జుట్టు తడవలేదు. శిష్యురాలి పక్కనే నిలబడి నేర్పాలి కదా, ఎలా తడుస్తుంది?

మార్చి 19, బుధవారం

కాళ్ళు ఆడించడం వచ్చింది. ఈయన జుట్టు తడవలేదు.

మార్చి 23, ఆదివారం

చేతులు వచ్చాయి. కాళ్ళూ చేతులూ కలిపి ఇంకా రావట్లేదు. రెండింట్లో ఏదో ఒకటి గుర్తుంటుంది.

పూల్ వాచ్‌మన్‌కు పనేమీ లేదనుకుంటా. నేను టవల్ తీసుకోబోతుంటే, "సారు ఆ లోతు వైపుకి అసలు వెళ్ళరేంటమ్మా?" అన్నాడు.

"ఆయనకి అక్కడేం పని? నేర్చుకునే మనిషి ఇక్కడుంటే ఆయన అక్కడెలా ఉంటారు? నీ పని నువ్వు చూసుకో" అన్నాను. మరీ అంత గట్టిగా అననక్కర్లేదు. ఈసారి వెళ్ళినప్పుడు టీకి పిలవాలి.

మార్చి 26, బుధవారం

జుట్టుకు నూనె రాసుకోవడం మానేయమని చెప్పాలి. నూనెకి నీళ్ళు అంటవు.

మార్చి 30, ఆదివారం

ఈదాను!

ఈ గోడ నుంచి ఆ గోడకు, మధ్యలో ఎక్కడా ఆగకుండా, ఎవరూ పట్టుకోకుండా. గోడ తగిలేసరికి ఏదో పెద్ద చేప తగిలిందనుకుని కేక పెట్టాను కూడా. ఈయన నీళ్ళలో నిలబడి చప్పట్లు కొట్టారు. కళ్ళు తుడుచుకున్నారు. అక్కడ అందరి మొహాలూ తడిగానే ఉంటాయి కాబట్టి ఎవరూ గమనించలేదు, నేను తప్ప.

ఆ తర్వాత వాచ్‌మన్‌ని పక్కకు జరగమని నన్ను లోతు వైపు కూడా ఈదించారు. ఈయన గట్టు మీద నడుస్తూ చెబుతున్నారు, నేను నీళ్ళలో చేస్తున్నాను. మునిగినట్టు ఎలా నటించాలో, అసలు మునిగితే మనిషిని వెనకనుంచి ఎలా పట్టుకోవాలో, అన్నీ గట్టు మీంచే.

ఇంటికొచ్చి బావగారికి ఫోన్ చేసి చెప్పారు. అటునుంచి బావగారు ఏమన్నారో తెలీదు, ఈయన మాత్రం "ఆఁ, ఆఁ, తర్వాత మాట్లాడతాలే" అని పెట్టేశారు. స్నానాలగదిలో పాట కూడా వినిపించింది. పాట అంటే పాట కాదు గానీ, ఆ గొంతులోంచి ఏదో ఒకటి బయటికి వచ్చింది.

నేర్పడంలో పాస్. ఇక మిగిలింది రక్షించే పరీక్ష. నేను లోతులో మునుగుతున్నట్టు నటించాలి, ఈయన దూకి బయటికి తీయాలి.

మార్చి 31, సోమవారం

మాస్టారికి ఫోన్ చేశాను. "నేర్పడం అంత బాగా వచ్చిన మనిషికి మళ్ళీ ఆ రెండో పరీక్ష ఎందుకు మాస్టారూ, లాంఛనం కాకపోతే" అన్నాను.

"మీరే అంటే ఇంకేముంది మేడమ్! మీ మాటే సర్టిఫికెట్. వదిలేద్దాం" అన్నారు.

అంత తేలిగ్గా ఒప్పుకుంటారనుకోలేదు. కాస్త వాదించాల్సింది ఆయన.

ఏప్రిల్ 1, మంగళవారం

కౌంటర్లో ఒకతను వికలాంగుల పాస్ కోసం కాగితం తెచ్చాడు. సంతకం ఒకరిది, ముద్ర ఇంకొకరిది. కళ్ళద్దాల మీంచి చూశాను. నేను అలా చూస్తే సగం మంది కాగితం వెనక్కి తీసుకుంటారు. ఇతను కదల్లేదు. "ఏదో చూసీచూడనట్టు వదిలేయండమ్మా, మీకేం పోతుంది?" అన్నాడు.

ఇచ్చేశాను వెనక్కి.

ఇంటికొచ్చేదాకా ఆ మాటే చెవిలో మోగింది. నాకేం పోతుంది? చెరువులో ఒక పిల్ల కాలు జారితే నాకేం పోతుంది? గట్టు మీద ఈయన ఉంటారు. జుట్టు చక్కగా దువ్వుకుని.

రాసేశాను. ఇన్నాళ్ళూ రాయకుండా తిప్పుకుంటూ వచ్చిన మాట ఇదే. ఈయనకు ఈత రాదు. నాకు తెలుసు. మొదటిరోజు ఆ నిచ్చెన మెట్లు దిగేటప్పుడే తెలుసు. వాచ్‌మన్‌కు తెలుసు. అమ్మాయికి నాకన్నా ముందే తెలుసు.

కానీ ఫెయిల్ అని చెబితే ఈయన మళ్ళీ ఆ సోఫాలోకి వెళ్ళిపోతారు. ఈసారి లేస్తారన్న నమ్మకం నాకు లేదు. నాకు భయంగా ఉంది.

మాస్టారికి మళ్ళీ ఫోన్ చేశాను. ఆదివారం పరీక్ష పెట్టమన్నాను.

ఏప్రిల్ 4, శుక్రవారం

అన్నం వడ్డిస్తూ, వీలైనంత మామూలుగా అడిగాను. "ఏవండీ, ఆదివారం పరీక్ష కదా. చెవి నొప్పి ఏమైనా ఉందా? ఉంటే చెప్పండి, మానేద్దాం. చెవితో ఆటలేంటి?"

ఈయన ముద్ద కలుపుతూ ఆగిపోయారు. తలుపు తెరిచి పెట్టాను కదా, బయటికి వచ్చేయొచ్చు కదా!

"లేదే. చెవి బ్రహ్మాండంగా ఉంది" అన్నారు.

పెరుగు అడిగారు. వేశాను.

ఏప్రిల్ 6, ఆదివారం

వరసగా రాస్తేగానీ నాకు కుదురు రాదు.

పొద్దున పూల్లో మేం ముగ్గురమే. మాస్టారు, ఈయన, నేను. వాచ్‌మన్ గేటు దగ్గర. నేనొక ఉపాయం ఆలోచించుకునే వెళ్ళాను. లోతులోకి వెళ్ళి ఒకసారి అరుస్తాను. ఈయన దూకరు. కాలు పట్టేసిందని చెప్పి నేనే ఈదుకుంటూ బయటికొచ్చేస్తాను. పరీక్ష జరగలేదంటాను. తర్వాత ఇంట్లో మెల్లగా మాట్లాడుకుంటాం. ఎవరి పరువూ పోదు, పిల్లలకీ ప్రమాదం లేదు. పూల్ దాకా నడుస్తూ నా తెలివికి నేనే మురిసిపోయాను.

లోతు మధ్యలోకి ఈదాను. వెనక్కి తిరిగి చేతులు పైకెత్తి "కాపాడండీ" అని అరిచాను. నాటకాల్లో అరిచినట్టే అరిచాను, నాకే నవ్వొచ్చింది.

ఈయన గట్టు అంచున నిలబడి ఉన్నారు. కళ్ళద్దాలు తీసి మాస్టారికిచ్చారు. మళ్ళీ తీసుకుని పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు. ఆ మొహం చూడలేక తల తిప్పుకున్నాను. ఇంకోసారి అరిచి ముగించేద్దామని నోరు తెరిచాను. అప్పుడు నీళ్ళు గొంతులోకి పోయాయి. దగ్గు. దగ్గితే ఇంకా నీళ్ళు. నాలుగు క్షణాల పాటు అది నటన కాదు.

ఈయన దూకారు.

దూకడం అంటే చేతులు ముందుకు చాపి, తల వంచి దూకడం కాదు. గడప దాటినట్టు ఒక కాలు ముందుకేసి, నీళ్ళలోకి నడిచేశారు. పెద్ద చప్పుడు. తర్వాత ఏమీ లేదు. ఒక చెయ్యి బయటికి వచ్చింది, మళ్ళీ లోపలికి పోయింది.

నా దగ్గు ఎక్కడికి పోయిందో తెలీదు. ఈదాను. ఈయన నేర్పినట్టే వెనకనుంచి వెళ్ళి చంకల కింద చేతులేసి, తల పైకెత్తి, వెల్లకిలా తిప్పాను. గింజుకుంటున్నారు. "గడ్డం పైకి! భుజాలు వదలండి! నేనున్నాను, వదలండి!" అని చెవిలో అరిచాను. వదిలారు. గట్టు దాకా లాక్కొచ్చాను. మాస్టారు పెద్ద కర్ర అటూ ఇటూ ఊపుతూ, ఎందుకో తెలీదు, ఆపకుండా విజిల్ ఊదుతున్నారు.

గట్టు మీద పడ్డాక ఈయన నోట్లోంచి నీళ్ళు వచ్చాయి, ఆ తర్వాత మాట వచ్చింది. "నీకేం కాలేదు కదా?"

మాస్టారు విజిల్ నోట్లోంచి తీసి మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశారు. "ఇంతకీ ఎవరు ఎవర్ని కాపాడినట్టండీ?" అన్నారు. వెటకారం కాదు, పాపం నిజంగానే అడిగారు.

ఈయన జుట్టంతా నుదుటికి అతుక్కుపోయింది. అలా ఎప్పుడూ చూడలేదు నేను.

తర్వాత ఒక టవల్ కింద ఇద్దరం బెంచీ మీద కూర్చున్నప్పుడు చెప్పారు. ఏరు ఈదింది బావగారు. ఈయన పని బట్టలు పట్టుకోవడం. బావగారు ఈదడం మొదలుపెట్టగానే ఈయన ఆ బట్టలు చంకలో పెట్టుకుని వంతెన మీంచి అవతలి ఒడ్డుకు పరిగెత్తేవారు, అన్నయ్య గట్టెక్కేసరికి అందించాలని. పరిగెడుతూనే కిందికి చూసేవారట, చెయ్యి ఎలా పడుతోంది, తల ఎటు తిరుగుతోంది, ఊపిరి ఎప్పుడు తీస్తున్నాడు అని.

"పెళ్ళిచూపుల్లో నువ్వు అడిగావు, మీకు ఏమేం వచ్చు అని. అన్నయ్య పక్కనే కూర్చున్నాడు. వాడేమీ అనలేదు" అన్నారు.

"రాని మనిషి ఎలా దూకారండీ? బుద్ధుందా?"

"నువ్వు మునుగుతున్నావనుకున్నా."

టవల్ ఆయన భుజాల మీదికి సర్దాను. తర్వాత నా పని నేను చేశాను. "ఫెయిల్ అండీ" అన్నాను.

"తెలుసు" అన్నారు.

ఏప్రిల్ 7, సోమవారం

సోఫా.

ఏప్రిల్ 9, బుధవారం

సోఫా. అన్నం పెట్టనా అంటే "ఊఁ".

నాకు అబద్ధం మీద కోపం లేదు. ఆ ఏరు లేకపోయినా చేసుకునేదాన్నే, అప్పట్లో ఈయన జుట్టు ఇంకా బాగుండేది. కోపమంతా దూకినందుకు. వంటింట్లో పంపు తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చాను. అమ్మాయి వచ్చి ఏమీ అడగకుండా పంపు కట్టేసి, నా పక్కన నిలబడింది. "నువ్వు చేసింది కరెక్టే కదమ్మా" అంది.

కరెక్టే. కరెక్టయినంత మాత్రాన ఆ సోఫా ఖాళీ అవదు.

ఏప్రిల్ 11, శుక్రవారం

మాస్టారు వచ్చారు. ఈయన కళ్ళు మూసుకుని నిద్ర నటించారు. ఈ మధ్య మా ఇంట్లో అందరికీ నటనే.

"మేడమ్, పరీక్షలో మునిగిన మనిషిని మీరు బయటికి తీశారు. నేను సాక్షిని. కాబట్టి రక్షించడంలో మీరు పాస్. క్యాంపులో పిల్లలకు ఈత మీరే నేర్పండి" అన్నారు.

నేనా! మొన్న మొన్నటిదాకా బకెట్ దాటని మనిషిని! వద్దన్నాను. నేర్పే పరీక్ష కాలేదన్నాను. నేర్పి చూపించడానికి ఈత బొత్తిగా రాని పెద్ద మనిషి ఒకరు కావాలి, ఆ పనికి ఉన్నది నేనొక్కదాన్నే, నాకేమో వచ్చేసింది, అని లా పాయింటు తీశాను.

మాస్టారు సోఫా వైపు తిరిగారు. "సార్, మీరు మెలకువగానే ఉన్నారని తెలుసు. ఈత రాదని మీ అంత ఖాయంగా తేలిన మనిషి ఈ చుట్టుపక్కల లేడు. నేను కళ్ళారా చూశాను. మేడమ్‌ని మీరే పరీక్షించాలి."

పుండు మీద కారం చల్లినట్టు ఇదేం మాట! ఈయన ఒక కన్ను తెరిచారు. రెండోది తెరిచారు. మాస్టారి వైపు కాదు, నా వైపు చూశారు, తేరిపార.

"పెళ్ళామని చూడకూడదు కదా?" అని అడిగారు.

"అస్సలు కూడదు సార్."

"కాళ్ళు ఆనే చోటే కదా?"

"గోడ పక్కనే. పైన నేనుంటా, కర్రతో."

ఈయన లేచి కూర్చుని లుంగీ సర్దుకున్నారు.

ఏప్రిల్ 13, ఆదివారం

నన్ను ఫెయిల్ చేశారు.

పైగా మాస్టారి ముందు, వాచ్‌మన్ ముందు. ఈయన గోడ కమ్మీని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు. నేను నేర్పడం మొదలుపెట్టాను. "వదలండి" అన్నాను. వదల్లేదు. "వదలండి చెప్తుంటే" అన్నాను. ఇంకా గట్టిగా పట్టుకున్నారు. "అబ్బబ్బ, ఏముందండీ ఇందులో, ఇంత వయసొచ్చింది, వదలండంటే!" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నానేమో, గేటు బయట సైకిల్ మీద పోయేవాడు ఆగి చూశాడు.

ఈయన నిచ్చెన ఎక్కి, తుడుచుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, జడ్జీలా తీర్పు చెప్పారు. "చెప్పే విషయం బాగుంది. చెప్పే గొంతు బాగాలేదు. భయపడేవాళ్ళని చూసి ఈవిడకి విసుగొస్తోంది. పిల్లలు జడుసుకుంటారు. ఫెయిల్."

"నీళ్ళలోంచి లాక్కొచ్చింది నేనండీ!"

"అందులో పాస్ అన్నాం కదా. ఇది నేర్పడం. బుధవారం మళ్ళీ రా."

మాస్టారు ఎంతో భక్తిగా తలూపారు. ఇంటికొచ్చేదాకా నేను ఈయనతో మాట్లాడలేదు. పాసుల కౌంటర్లో ఇన్నేళ్ళలో నేను వెనక్కి పంపిన మనుషులందరూ దారి పొడవునా నిలబడి నవ్వుతున్నట్టనిపించింది.

ఏప్రిల్ 16, బుధవారం

తెల్లారకుండానే ఈయన లేపేశారు. సంచి సర్దేసి, చెప్పులేసుకుని, గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళని పరీక్షకు రానివ్వరట.

ఈసారి మెత్తగా మాట్లాడాలని గట్టిగా అనుకుని నీళ్ళలోకి దిగాను. "మెల్లగా వదలండి, ఏం ఫరవాలేదు" అన్నాను, పళ్ళు బిగపట్టి.

"పళ్ళు బిగపట్టి మెత్తగా మాట్లాడితే మెత్తదనం ఎక్కడినుంచి వస్తుంది?" అన్నారు ఈయన. "భుజాలు చూసుకో నీవి. నీకే అంత బిగువుంటే ఎదుటివాడు ఎలా వదులవుతాడు? చూడు, ఇలా..."

ఇలా అని చూపించడానికి రెండు చేతులూ చాపారు. రెండూ. కమ్మీ వెనకెక్కడో ఉండిపోయింది. భుజాలు దించి, గడ్డం ఎత్తి, మెల్లగా వెనక్కి వాలి చూపిస్తున్నారు. మాటల మధ్యలో కాళ్ళు కూడా నేల వదిలి పైకి వచ్చాయి. మాస్టారు అది చూసి విజిల్ నోటి దాకా తీసుకెళ్ళారు. నేను కళ్ళతోనే వద్దన్నాను.

"ఓర్పు లేదు నీకు. ఎదుటివాడి భయం నీకు తప్పులా కనిపిస్తుంది. రెండు నిమిషాలు నోరు మూసుకుని ఉండగలవా అసలు?" అని ఈయన ఆకాశం వైపు చూస్తూ, నీళ్ళ మీద పడుకుని, నా లోపాలు ఒక్కొక్కటీ ఏకరువు పెడుతున్నారు.

నేను ఏమీ అనలేదు. చెబితే కమ్మీ కోసం వెతుక్కుంటారు. పక్కనే నిలబడి, ఫెయిల్ అవుతూ, చెప్పినంతసేపూ విన్నాను.